చెవులు లేని ఆకు

ఆ డిగ్రీ కాలేజీ బాటనీ ల్యాబులో ఫైనలియర్ ప్రాక్టికల్స్‌కు పెట్టే పది మొక్కలు ప్రతి ఏడూ అవే. ఆ సంగతి పిల్లలకు తెలుసు, సార్లకు తెలుసు, పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీల నుంచి వచ్చే ఎగ్జామినర్లకూ తెలుసు. మొదటి బల్ల మీద తంగేడు, రెండో బల్ల మీద ఉమ్మెత్త, మూడో బల్ల మీద తులసి, నాలుగో బల్ల మీద కాలేజీ గేటు పక్క మడిలో పూసే పచ్చపువ్వు. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరుగుతారు. మొక్క వంక చూసేవాళ్లు తక్కువ, బల్ల నంబరు చూసి పేరు రాసేసేవాళ్లే ఎక్కువ.

ఇరవై రెండేళ్లుగా ఆ పది మొక్కలనూ తెచ్చి, నీళ్లు చల్లి, సీసాల్లో నిలబెట్టేది అటెండర్ చిలుకమ్మ. ఈ తంతు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. చీకటితో లేచి గట్ల వెంట తిరిగి, వేరు తెగకుండా పెళ్లగించి, తడి గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తే, పిల్లలు దాని ముఖమైనా చూడరు. ప్లాస్టిక్ పువ్వులు పెట్టినా వీళ్లు అవే పేర్లు రాసి పోతారని ఆమె అటెండర్ల గదిలో అనని రోజు లేదు.

ఈసారి ఆ మాట పరీక్షకు నిలబడే రోజు వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో ప్రాక్టికల్స్. తెల్లవారితే పరీక్ష అనగా చిలుకమ్మ కాలేజీకి వచ్చి చూస్తే గేటు పక్క మడి మడిలాగా లేదు. కొత్త ఆర్చి కోసం నడుం లోతు తవ్వి, మట్టిని అటూ ఇటూ కుప్పలు పోశారు. పచ్చపువ్వు తీగలన్నీ ఆ మట్టి కింద పడి నలిగిపోయాయి. ఆమె అక్కడే నిలబడి డిపార్ట్‌మెంట్ హెడ్ రమాకాంత్‌కు ఫోన్ చేసింది.

"సారూ, గేటు కాడ మడంత తవ్వి పారేసిండ్రు. నాలుగో నంబరు పువ్వు లేదు."

"ఇంకెక్కడన్న దొరకదా చిలుకమ్మా?"

"మా ఊళ్ల కాలువ గట్టు మీద పచ్చ గుంటగలగర ఉంది. కని అదీ ఇదీ ఒక్కటి కాదు సారూ. పువ్వు చూస్తె ఒక్క తీరే ఉంటది, ఆకు వేరు. గేటుదానికి ఆకుకు రెండు దిక్కుల చెవులుంటయ్. పొలందానికి ఉండయ్."

"చెవులెందుకమ్మా, అదేమన్న పాటలు ఇంటదా? పచ్చగుంటె చాలు. తెచ్చి పెట్టు."

రమాకాంత్ చెడ్డవాడేమీ కాదు. ఆయనకు మొక్కల కంటే మీటింగులు ఎక్కువ, అంతే. చిలుకమ్మ ఇంకో మాట అనబోయేలోపు ఫోన్ పెట్టేశాడు. ఆమె ఊరు వర్ధన్నపేట దారిలో ఉంది. మర్నాడు తెలతెలవారుతుండగా కాలువలో మోకాళ్ల దాకా దిగి, పొడుగు కాడల మీద పచ్చటి పువ్వులు నిలబడ్డ కొమ్మలను కొడవలి కొసతో కోసింది. రెండు కొమ్మలు సరిపోయేవే గానీ, చెయ్యి ఊరుకోక ఒక కట్ట కోసింది. ఎనిమిదింటికల్లా ల్యాబులో పది సీసాలూ పది బల్లల మీద ఉన్నాయి.

ముప్పై తొమ్మిది మంది పిల్లలు. బయటి ఎగ్జామినర్ రాజేశ్వర్ రావు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, తల తిప్పకుండా కళ్లతోనే గదంతా గాలించే అలవాటు. చిలుకమ్మ గంట దగ్గర నిలబడింది. రెండు నిమిషాలకొకసారి గంట కొడుతుంటే పిల్లలు రాసుకుంటూ జరుగుతున్నారు. నాలుగో బల్ల దగ్గర ఒక్కరూ ఆగి చూడడమే లేదు. కలం కాగితం మీద పెట్టే వస్తున్నారు, తీయకుండానే పోతున్నారు.

ఆఖరున ఐమన్ వంతు వచ్చింది. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే పిల్ల. తండ్రి లియాఖత్ అలీ అక్కడ పంపుసెట్ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆ పిల్ల నాలుగో బల్ల దగ్గర పేరు రాసేసి, జరగబోయి ఆగింది. సీసాను రెండు చేతులతో తిప్పింది. వంగి ఆకు అడుగు చూసింది. ఆకు అంచును వేలితో రుద్ది, మళ్లీ వెనక్కి రుద్దింది. రాసినదాన్ని కొట్టేసి ఇంకేదో రాయబోయింది, పెన్సిలు మొన విరిగింది. గోడ వారగా ఉన్న బ్యాగు దగ్గరికి వెళ్లి ఇంకో పెన్సిలు తెచ్చుకుంది. గంట కొట్టాల్సిన చిలుకమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరూ చూడని మొక్కను ఒకతి చూసింది. ఆ సంతోషంలో ఆ గంట అరనిమిషం ఆలస్యంగా మోగింది.

మధ్యాహ్నం పక్క గదిలో రాజేశ్వర్ రావు పేపర్లు దిద్దుతుంటే చిలుకమ్మ టీ తీసుకెళ్లింది. ఆయన ఒక పేపరు విడిగా పెట్టి, ల్యాబులోకి నడిచి, నాలుగో బల్ల మీది పువ్వును ఫోన్‌తో ఫోటో తీశాడు. ఫొటోను బట్టి ఫోన్ తెర మీద వచ్చిన మొక్క పేరు చూసి తల పంకించాడు. రమాకాంత్‌నూ, కొత్తగా చేరిన లెక్చరర్ సుభాషిణినీ, ఐమన్‌నూ పిలిపించాడు.

"ముప్పై ఎనిమిది మంది వెడీలియా ట్రైలోబాటా అని రాసిండ్రు. రమాకాంత్ గారు నాకిచ్చిన ఆన్సర్ కీలో కూడ అదే ఉంది. నువ్వొక్కదానివి కాలెండ్యులేసియా అని రాసినవు. ఆ పేరు మీ సిలబస్‌ల లేదు, మీ రికార్డుల లేదు. నా ఫోన్ల మాత్రం ఉంది. నీ ఫోన్ల కూడ ఉండి ఉంటది. పరీక్ష మధ్యల బ్యాగు దగ్గరికి పోయినవు, నేను చూసిన."

"పెన్సిల్ కోసం పోయిన సర్."

"మరి ఈ పేరెక్కడిది?"

ఐమన్ గొంతు సన్నగా ఉన్నా తడబడలేదు. "ట్రైలోబాటా అంటెనే మూడు లోబులు, మూడు చీలికలున్న ఆకు కద సర్. ఈ ఆకుకు లోబులు లేవు. లేనిదానికి ఆ పేరు రాయబుద్ధి కాలె. ఇంకో పేరు లైబ్రరీల ఈ జిల్లా మొక్కల పాత ఫ్లోరా బుక్కుల చూసిన."

"ఈ కాలంల లైబ్రరీకి పోయి ఫ్లోరా చదివే పిల్లలను నేనెక్కడ చూడలేదమ్మా," అన్నాడు రాజేశ్వర్ రావు. మాల్‌ప్రాక్టీస్ ఫారం బయటికి తీశాడు. అది యూనివర్సిటీకి పోతే ఈ పరీక్షే కాదు, ఆ పిల్ల సంవత్సరమంతా పోయినట్టే. ఎమ్మెస్సీ ఎంట్రెన్సు సంగతి ఇక అడగక్కర్లేదు.

అంత అన్యాయం ఎక్కడైనా ఉందా అనిపించింది చిలుకమ్మకు. తప్పు రాసినవాళ్లంతా పాసై ఇళ్లకు పోయారు, సరిగ్గా రాసిన పిల్ల దొంగలాగా నిలబడింది. ఆమె రమాకాంత్ వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పచ్చగుంటే చాలన్నది తనేనని ఆయనకు గుర్తు లేదో, గుర్తుండే అటు తిరిగాడో తెలియలేదు. చిలుకమ్మ టీ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"సారూ, ఆ మొక్క తెచ్చింది నేను. అది గేటు పువ్వు కాదు, మా ఊరి కాలువ కాడి గుంటగలగర. పిల్ల రాసిందే కరెక్టు. రెంటికీ తేడా ఏందని ఆగస్టుల బుక్కు పట్టుకొచ్చి ఈ పిల్ల నన్నడిగితే నేనే చూపిచ్చిన."

రాజేశ్వర్ రావు ఆమెను మొదటిసారి చూసినట్టు చూశాడు. "అంటె నువ్వు చెప్పినవన్నమాట. అది ఫోను కాదు, లీకు. ఇంక మంచిగున్నది."

"డిసెంబర్ల పెట్టే పేపరు ఆగస్టుల ఎట్ల లీకైతది సారూ? అప్పుడు ఆ మడి కూడ తవ్వలేదు. ఇది పెట్టాల్సొస్తదని నాకే తెల్వది."

"నిన్న తెలిసింది కద. నిన్న ఫోన్ చేసి చెప్పలేదని ఏం నమ్మకం?"

చిలుకమ్మది కాంట్రాక్టు ఏజెన్సీ కింద ఉద్యోగం. మార్చిలో రెన్యువల్. హెడ్ ఒక్క మాట రాస్తే ఆమె ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. కానీ నోరు అప్పటికే తెరిచింది, ఇప్పుడు మూయడం ఆమె వల్ల కాదు.

"నమ్మకం లేకపోతె పరీక్ష పెట్టుండ్రి సారూ. రెండు మొక్కలూ కలిపి పెట్టుండ్రి. పువ్వులు తెంపేసి వట్టి ఆకులే పెట్టుండ్రి. ఫోన్లు మీ దగ్గర పెట్టుకోండ్రి. నేను చెప్త, పిల్ల చెప్తది."

"ఇద్దరూ ఒక్కటే చెప్తె ఏం తేలుతది? నువ్వు నేర్పింది ఆమె అప్పజెప్పిందని తేలుతది. ఫోన్ సంగతి పోతది కావచ్చు, లీకు సంగతి పోదు," అన్నాడాయన. అయినా ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కఠినుడే గానీ మూర్ఖుడు కాడు. రేపు సాయంత్రం దాకా తనకు టైముందన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని సుభాషిణి ముందుకొచ్చింది. "మొక్కలు చిలుకమ్మక్క తేవద్దు సర్, నేను తెస్త. మేముండేది మడికొండల. మా రోడ్డు డివైడర్ల నిండా గేటు పువ్వే ఉంది. కాలువ రకం ఎట్లాగూ ఇక్కడ ఒక కట్ట మిగిలింది. నేనే కలిపి నంబర్లు వేసి, ఏది ఏదో రాసిన చీటీ మీకు ఇస్త."

సాయంత్రం చిలుకమ్మ, ఐమన్ కలిసి బస్సు కోసం నిలబడ్డారు. ఐమన్ ఇంట్లో ఇంకా చెప్పలేదట. చెబితే తండ్రి పని వదిలేసి రేపు పొద్దున్నే కాలేజీ మెట్ల మీద కూర్చుంటాడని ఆమె భయం. నర్సంపేట బస్సు మలుపు తిరగడం కనబడ్డాక మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, రేపు దేన్లనన్న డౌటొస్తె నీ దిక్కు చూస్త. జర కన్నుతోని చెప్పు."

"నా దిక్కు చూడకు బిడ్డా. ఆకు దిక్కు చూడు. చెవులుంటె గేటుది, లేకుంటె పొలంది. అందులో డౌటేమున్నది? ఫికర్ చెయ్యకుండ పండుకో." చిలుకమ్మ ఆ మాట ఎంత ధీమాగా అందంటే, పక్కన నిలబడ్డ కూరగాయల ముసలామె కూడా తలాడించింది.

మర్నాడు పదింటికి ల్యాబులో తెల్ల కాగితం పరిచిన పెద్ద ట్రే సిద్ధంగా ఉంది. అందులో పది కొమ్మలు. ఒక్క పువ్వు లేదు, ఒక్క మొగ్గ లేదు. ప్రతి కొమ్మకూ దారంతో నంబరు చీటీ కట్టి ఉంది. జవాబుల కాగితం కవరులో పెట్టి రాజేశ్వర్ రావు జేబులో ఉంది. ముందు చిలుకమ్మ వంతు. ఐమన్‌ను వరండా చివరికి పంపించి తలుపు వేశారు.

చిలుకమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని ట్రే ముందు నిలబడింది. ఆకుకూరల అంగట్లో తోటకూరనూ పాలకూరనూ వేరు చేసేంత సేపు కూడా పట్టలేదు ఆమెకు. ఒకటి చెవులు, గేటుది. రెండు చెవులు లేవు, పొలంది. మూడు పొలంది. నాలుగు గేటుది. ఎత్తడం, చూడడం, పక్కన పడేయడం. ఏడో నంబరు లేత కొమ్మ, చెవులు లేవు, పొలంది. పది కొమ్మలూ నిమిషంలో రెండు కుప్పలయ్యాయి. సుభాషిణి రాసుకుంది. మళ్లీ పదింటినీ కలిపి ట్రేలో పెట్టింది. రమాకాంత్ సరదాకు తనూ ఒక చెయ్యి వేసి, సుభాషిణి లెక్క ప్రకారం నాలుగు తప్పు చెప్పాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఐమన్ వచ్చింది. చిలుకమ్మను గోడ దగ్గర నిలబడమన్నారు. ఒకటో నంబరు గేటు వైపు పెట్టింది. రెండు పొలం వైపు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. చిలుకమ్మ లోపల ఒక్కొక్కదానికీ అవును అనుకుంటూ ఉంది. ఇంకా నాలుగే మిగిలాయి.

ఏడో నంబరు దగ్గర ఐమన్ ఆగింది. కొమ్మను వెలుగులోకి పట్టింది. ఆకును బొటనవేలు కింద పెట్టి కొస నుంచి మొదలు వైపు రుద్దింది. మళ్లీ రుద్దింది. రెండో నంబరు కొమ్మను తీసి పక్కన పెట్టి పోల్చింది. తర్వాత ఏడో నంబరును తీసుకెళ్లి గేటు కుప్పలో పెట్టింది.

అయ్యో పిల్ల తప్పు పెట్టింది అనుకుంది చిలుకమ్మ. దగ్గితే చాలు. కాలు కదిపితే చాలు. కొంగు సర్దుకున్నట్టు చెయ్యి పొలం కుప్ప వైపు చూపిస్తే చాలు. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు నొక్కుకుంది. చేతులను ఆపగలిగింది గానీ ముఖాన్ని ఆపలేకపోయింది. ఐమన్ తలెత్తి చూసేసరికి ఆ ముఖంలో ఉన్నదంతా కనిపించింది.

రాజేశ్వర్ రావు కళ్లు ఇద్దరి మధ్యా తిరిగాయి. "ఏడో నంబరు ఇంకొకసారి చూసుకుంటవా? ఒక నిమిషం ఇస్తున్న. మార్చుకోవాలంటె మార్చుకో."

ఐమన్ ఏడో నంబరును మళ్లీ చేతిలోకి తీసుకుంది. చిలుకమ్మ వంక ఇంకోసారి చూసింది. తనకు ఈ ఆకులను మొదట చూపించిన మనిషి, నిన్న తన కోసం ఉద్యోగం పణంగా పెట్టి మాట్లాడిన మనిషి, ఎదురుగా నిలబడి కాదు కాదు అంటున్నట్టే ఉంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కొమ్మను ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టింది.

"గేటుదే సర్."

"లోబులు లేవు కద? లోబులు లేకపోతె ఆ పేరు రాయబుద్ధి కాదని నిన్న నువ్వే అంటివి."

"నిన్నటిదానికి ముదురాకుల్ల కూడ లేవు సర్. ఇది లేత కొమ్మ, ఇంక రాలేదు, అంతే. పొలందాని ఆకు మొదలు నుంచి కొస దాక వెడల్పు ఇంచుమించు ఒక్క తీరుంటది, గరుకుగుంటది. ఇది కొస దగ్గర వెడల్పై మొదట్ల సన్నబడ్డది. అంచు మీది రంపం పండ్లు కూడ పై సగంలనే ఉన్నయ్. పెద్దమ్మ దీన్ని పొలం దాన్లనే పెట్టి ఉంటది. కని ఇది కాదు."

మిగిలిన మూడూ పెట్టేసింది. రాజేశ్వర్ రావు కవరు చింపాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి వేలితో దిగుతూ వచ్చాడు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"సుభాషిణీ, ఈ ఏడు ఎక్కడిదమ్మా?"

"మా అపార్ట్‌మెంట్ గోడ నీడల పెరిగిన కొత్త తీగ సర్. డివైడర్ మీది రకమే. దాని కిందాకులకు లోబులున్నయ్, నేను కొస మాత్రమే కోసుకొచ్చిన. నిజం చెప్పాలంటె అది పెట్టాలా వద్దా అని ఆలోచించిన."

చిలుకమ్మకు తొమ్మిది. ఐమన్‌కు పది. ఇరవై రెండేళ్లలో ఆకు విషయంలో చిలుకమ్మకు తప్పు అని చెప్పినవాళ్లు లేరు. చెవులదాకా వేడెక్కింది ఆమెకు. కాళ్ల కింద నేలను చూస్తూ, గేటు పక్క మడిలో ఎన్ని లేత కొసలను పొలంవనుకుని ఉంటానో అని లెక్కపెట్టుకోబోయి వదిలేసింది.

రాజేశ్వర్ రావు జేబులోంచి ఫారం తీసి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపాడు. "ఇద్దరూ ఒక్కటే చెప్తె నేను లీకు అనేవాడినే," అన్నాడు. "నేర్పినామె ముఖం చూసి కూడ మార్చుకోని పిల్లకు ఇంకొకరు ఫోన్ చేసి చెప్పే అవసరం ఏముంటది." ఐమన్ పేపరు తెచ్చుకుని నాలుగో నంబరు పక్కన అయిదు మార్కులు వేసి, పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత రమాకాంత్‌నూ సుభాషిణినీ వెంటబెట్టుకుని పక్క గదిలోకి వెళ్లి, మిగతా ముప్పై ఎనిమిది పేపర్ల కట్టను ముందుకు లాక్కున్నాడు.

"రమాకాంత్ గారూ, ఈ నాలుగో నంబరుకు కీ మీరే ఇచ్చిండ్రు కద?"

"అవున్సార్."

"మొక్కను చూసి ఇచ్చిండ్రా?"

రాజేశ్వర్ రావు జవాబు కోసం ఆగకుండా ఎర్ర కలం మూత తీశాడు. మొదటి పేపర్లో నాలుగో నంబరు దగ్గర అయిదును కొట్టేసి సున్నా వేశాడు. రెండో పేపరు తీశాడు. అది ముగిసేసరికి చాలాసేపు పట్టేటట్టుంది. రమాకాంత్ పక్కన కుర్చీ లాక్కుని, మార్కులు కూడడానికి కూర్చున్నాడు.

ల్యాబులో చిలుకమ్మ, ఐమన్ మిగిలారు. ఐమన్ ఆమెకు ఎదురుపడలేక ట్రేలోని నంబరు చీటీలు విప్పుతోంది.

"పెద్దమ్మా, కోపమొచ్చిందా?"

"వచ్చింది," అంది చిలుకమ్మ. "నీ మీద కాదు తియ్."

పరీక్షల రోజుల్లో పిల్లలు కూర్చునే ఎత్తు స్టూలును ఆమె కాలితో దగ్గరికి జరుపుకుంది. సార్లు పక్క గదిలోనే ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ ఆ గదిలో కూర్చోని మనిషి చీర సర్దుకుని దాని మీద కూర్చుంది. ఏడో నంబరు కొమ్మను తీసి ఐమన్ చేతికిచ్చింది. తన బొటనవేలు చాచి ఆకు మీద పెట్టింది.

"వేలు ఎటు నుంచి ఎటు రుద్దినవ్? మల్లొకసారి చెప్పు బిడ్డా. జర మెల్లగ."